అమ్మోనియాలో దాగిన ఉదజని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



తెల్లవారుజామున పశువుల కొట్టము ఊడ్చువారి ముక్కునకు తగిలి కన్నీరు తెప్పించు ఘాటు ఈ సభలో తెలియనివారుండరు. కళాయి పూయువాడు ఇత్తడి గిన్నెను నిప్పులపై కాల్చి, నవాసారము చల్లి, దూదితో రుద్దునపుడు లేచు తెల్లని పొగలోను ఆ ఘాటు కలదు. ఆ ఘాటునకు కారణమైన వాయువు పేరు అమ్మోనియా. సంస్కృత రసశాస్త్ర గ్రంథములు నవసారమని చెప్పిన లవణములో దాగినదియు ఇదియే. ఈజిప్టువారి ఆమన్ దేవుని ఆలయ పరిసరములనుండి వచ్చిన ఉప్పు గనుక పాశ్చాత్యులు దానికి ఆ దేవుని పేరు పెట్టిరని చెప్పుదురు. పేరు దేవాలయమునుండి వచ్చినను, నేడది నివసించు చోట్లు ఎరువుల కర్మాగారమును, పాలను చల్లబరచు యంత్రమును.

ఈ ఘాటు వాయువులో ఉదజని మూటకట్టి ఉన్నది. ఆ మూటను విప్పి ఉదజనిని వేరుచేసి తీయుట ఎట్లు, అందుకు పలుచని లోహపు పొర ఒకటి చేయు సాయమెట్టిది, ఆ పనివలన వచ్చు లాభమెంత, పోవు నష్టమెంత అనునది ఈ ప్రసంగ విషయము.

ఉదకమును జనింపజేయునది గనుక దానికి ఉదజని అని పేరు వచ్చినది. ఇంగ్లీషువారి హైడ్రోజను అను మాటకును గ్రీకు భాషలో అదియే అర్థము. కట్టెయో కిరసనాయిలో మండినచో మసియు, బొగ్గుపులుసు వాయువును మిగులును. ఉదజని మండినచో మిగులునది నీటి ఆవిరి. భూగోళము నానాటికి వేడెక్కుచున్న ఈ కాలమున ప్రపంచ దేశముల చూపు దీనిపై పడుటకు కారణమదియే. అయితే సుగుణములు గల కోడలికి ఒక్క దోషమున్నట్లు, దీనికిని ఒక దోషము కలదు. ఇది నిలువ ఉండదు. వాయువులన్నిటిలో తేలికయైనది గనుక, కొలది తూకమునకే కొండంత చోటు కావలెను.

దీని సంగతి తెలియుటకు దూరదేశములకు పోనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోని భాగమైనది. అచ్చటినుండి 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకొనిపోయిన ఎల్‌వీఎం-3 రాకెట్టు పై అంతస్తులో ద్రవ ఉదజనియు ద్రవ ఆమ్లజనియు కలిసి సుమారు 28 టన్నులు నింపిరి. అందులో ఉదజని తూకమున ఆరవ వంతే. కాని దాని తొట్టి మాత్రము ఆమ్లజని తొట్టికంటె ఎన్నో రెట్లు బరువు తక్కువయ్యును, చోటున పెద్దది. ఉదజని ద్రవరూపమున నిలువవలెనన్నచో శూన్యమునకు దిగువ 253 డిగ్రీల చలి కావలెను. ఈ చలితో పనిచేయు యంత్రమును స్వదేశమున నిర్మించి 2010 ఏప్రిల్ 15న తొలిసారి ప్రయోగించినపుడు భంగపాటు కలిగినది. 2014 జనవరి 5న ఫలించినది. ఒక రాకెట్టునకు, కొలదిరోజుల ఏర్పాటునకు ఇంత శ్రమను ఓర్చుకొందురు. ఓడలకొలది ఉదజనిని సముద్రములు దాటించవలెనన్నచో ఇట్టి చలిని దారిపొడుగున కాపాడుట ఖజానాను తినివేయు పని.

అమ్మోనియా అవసరము ఇచ్చటనే కలిగినది. ఒక నత్రజని పరమాణువు మూడు ఉదజని పరమాణువులతో కూడినచో ఒక అమ్మోనియా అణువగును. తూకము వేసి చూచినచో నూరు కిలోల అమ్మోనియాలో 82 కిలోల పైచిలుకు నత్రజని, 17 ముప్పాతిక కిలోలు ఉదజని. అమ్మోనియా ద్రవమగుటకు శూన్యమునకు దిగువ 33 డిగ్రీల చలి చాలును. లేదా మామూలు ఎండలోనే వంటగ్యాసు సిలిండరు వంటి గట్టి పాత్రలో ఒత్తిడి పెట్టి ఉంచవచ్చును. ఘనపు మీటరు తొట్టిలో ద్రవ ఉదజని 71 కిలోలే పట్టును. అదే తొట్టిని ద్రవ అమ్మోనియాతో నింపినచో అందులోని ఉదజనియే 100 కిలోలు మించును. విడిగా పోసినదానికంటె మూటగట్టినది ఎక్కువ పట్టుట వింతగా తోచినను, దూదిని బస్తాలో కూరుటకును, దూదితో దారము వడికి ఉండచుట్టుటకును గల భేదమును ఎరిగినవారికి ఇది వింత కాదు.

ఈ మూటను కట్టుట నేర్పినవాడు జర్మనీ దేశపు ఫ్రిట్జ్ హాబరు. 1909 జూలై 2న కార్ల్‌స్‌రూహె పట్టణమున తన ప్రయోగశాలలో గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి, అధిక పీడనమున, బొట్లు బొట్లుగా ద్రవ అమ్మోనియాను రాల్చి చూపెను. కార్ల్ బాషు ఆ బొట్లను ఏరు చేసెను. 1913లో ఒప్పావు కర్మాగారము నడువసాగెను. హాబరునకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమానమును, బాషునకు 1931లో మరియొకరితో కలిపి అదే బహుమానమును లభించినవి. నేడు ప్రపంచమున తిను ప్రతి ముద్దలోను హాబరు చేతి చలువ కొంత కలదనుట అతిశయోక్తి కాదు. ఆ చేతితోనే ఆయన మొదటి ప్రపంచ సంగ్రామమున విషవాయు ప్రయోగమునకు పూనుకొనెను. ఒకే మనుష్యుని పేర ఈ రెండు పద్దులును వ్రాయవలసి వచ్చినది. ఒకదానితో మరియొకటి చెల్లు కాదు.

కట్టిన మూటను విప్పుట కట్టుటకంటె సులభమని తోచును. రెండు అమ్మోనియా అణువులు విడిపోయినచో ఒక నత్రజని అణువును, మూడు ఉదజని అణువులును వచ్చును. వేడి చేసినచో విడిపోవును, అంతే. కాని ఎంత వేడి? నికెలు లోహమును ఉత్ప్రేరకముగా వాడినచో సాధారణముగా 800 డిగ్రీల ప్రాంతమునకు పోవలెను. ఆ వేడిలో ఇనుప గొట్టములు ఎఱ్ఱగా కాలి, అమ్మోనియా తాకిడికి పెళుసుబారును. రుథీనియమను అరుదైన లోహమును వాడినచో 400 మొదలు 500 డిగ్రీలు చాలును. ఉత్ప్రేరకమనగా తాను ఖర్చు కాకుండ పనిని త్వరపెట్టు పదార్థము. పెండ్లి కుదిర్చిన మధ్యవర్తి వలె, ఇరుపక్షములను కలిపి తాను పక్కకు తప్పుకొనును.

చిక్కు వేడితోనే తీరలేదు. మూట విప్పు దారియు, కట్టు దారియు ఒక్కటే. విడిపోయిన నత్రజనియు ఉదజనియు ఆ పాత్రలోనే ఉండి, ఆ ఉత్ప్రేరకము సాక్షిగా మరల కలిసి అమ్మోనియా యగుచుండును. కొంతసేపటికి విడిపోవునవి ఎన్నో, కలియునవి అన్నే యగును. పని జరుగుచునే ఉండును, ఫలము పెరుగదు. 400 డిగ్రీల వద్ద మామూలు గాలి పీడనమున నూటికి 99 పాళ్లు విడిపోవును. పీడనము పదింతలైనచో 92 పాళ్ల వద్దనే నిలిచిపోవును. పీడనము తగ్గించి ఉంచవచ్చును గదా యనినచో, తక్కువ పీడనముతో పాత్ర గదియంత కావలెను. పైగా ఈ క్రింద చెప్పబోవు పొర పనిచేయుటకు పీడనమే ఆధారము.

మజ్జిగ చిలుకు ఇల్లాలికి దీని ఉపాయము తెలియును. వెన్న తేలగానే చేతితో తీసి చన్నీటిలో వేయును. తీయక కవ్వమును త్రిప్పుచునే ఉండి, ఎండ ముదిరినచో, తేలిన వెన్న కరగి మరల మజ్జిగలోనే కలిసిపోవును. తేలినది తేలినట్లు తీసివేసినచో మిగిలిన వెన్నయు పైకి వచ్చును. పుట్టిన పదార్థమును అప్పటికప్పుడు తొలగించినచో చర్య ముందునకే నడచునను ఈ సూత్రమును ఫ్రాన్సు దేశపు లెషాటెల్యే 1884లో శాస్త్రరీతిని ప్రతిపాదించెను. చల్ల కుండలవద్ద అది అంతకు ఎన్ని తరముల ముందునుండి ఆచరణలో ఉన్నదో లెక్క లేదు.

అమ్మోనియా విడిపోవుచున్న పాత్రలోనుండి ఉదజనిని మాత్రమే అప్పటికప్పుడు తీయు చెయ్యి ఏది? కాగుచున్న గొట్టములో చేయి పెట్టలేము. అందుకు పెట్టిన చేయియే పల్లేడియము పొర. 1866లో లండను టంకశాలకు అధిపతిగా ఉండిన థామస్ గ్రాహమను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ లోహము ఉదజనిని వందల రెట్లు తనలో ఇముడ్చుకొనునని గమనించెను. నాణెముల తూకము చూచు ఉద్యోగములో ఉండి లోహములు వాయువును త్రాగు సంగతి కనిపెట్టుట ఆ ఉద్యోగమునకే శోభ.

పాలు నీరు కలిపి పెట్టినచో హంస పాలను మాత్రమే గ్రహించునని కవిసమయము. నిజమైన హంస అట్లు చేయునో లేదో గాని ఈ పల్లేడియము మాత్రము చేయును. దీనిని జల్లెడ యనుకొనరాదు. జల్లెడలో రంధ్రము ఉండును, సన్నవన్నియు దిగును. ఈ పొరలో రంధ్రమే లేదు. ఉదజని అణువు రెండు పరమాణువుల జంట. ఆ జంట పల్లేడియమును తాకగానే చేయి విడిచి వేరగును. వేరైన పరమాణువులు లోహములో ఉప్పు నీటిలో కరగినట్లు కరగి, లోహపు అణువుల సందులగుండ నడచి, ఆవలి ముఖమును చేరి మరల జంటగూడి వాయువై బయటపడును. దేవాలయమున ఇరుకైన తిరుగుడు గుమ్మము వద్ద ఆలుమగలు చేయి విడిచి ఒక్కొక్కరుగా దాటి, ఆవల మరల కలిసికొనునట్లు. నత్రజని జంట ఈ లోహమువద్ద చేయి విడువదు. గనుక దానికి ప్రవేశము లేదు. అమ్మోనియాకును లేదు.

ఈ పొరయు ఉత్ప్రేరకమును ఒకే పాత్రలో కూర్చినచో దానినే మెంబ్రేన్ రియాక్టరు అందురు. పెద్ద గొట్టము లోపల చిన్న గొట్టము. చిన్న గొట్టము పింగాణి వంటి సచ్ఛిద్ర పదార్థముతో గాని, సన్నని రంధ్రములు గల ఉక్కుతో గాని చేసి, దానిపై పల్లేడియమును పూత పూయుదురు. రెండు గొట్టముల నడుమ రుథీనియము అంటించిన గుళికలు నింపుదురు. అమ్మోనియాను కాచి పీడనముతో అందులోనికి పంపుదురు. గుళికల వద్ద మూట విడును; ఉదజని పొరను దాటి లోపలి గొట్టములో పోగగును; నత్రజని చివరవరకు ప్రవహించి వెలికి పోవును. దానితో కలిసి పోవు కొద్దిపాటి ఉదజనిని మండించి ఆ వేడినే మరల పాత్రకు పెట్టుదురు. రుథీనియము పనిచేయు వేడియు, పల్లేడియము చక్కగా ఉదజనిని దాటించు వేడియు దాదాపు ఒక్కటే యగుట ఈ కూర్పునకు కలిసివచ్చిన అదృష్టము. పాత పద్ధతిలో విడగొట్టుటకు ఒక కొలిమి, వడకట్టుటకు వేరొక ఏర్పాటు కావలెను. ఇందు రెండును ఒక్క పాత్రలో ముగియును.

పొర ఎంత పలుచనైన అంత వేగముగా ఉదజని దాటును. మందము సగమైనచో ప్రవాహము రెండింతలు. పీడనమునకు మాత్రము ఆ మర్యాద లేదు. జంటలు విడిపోయి దాటవలసి ఉండుటచేత, లోపలి పీడనమును నాలుగింతలు చేసినను ప్రవాహము రెండింతలకు మించి పెద్దగా పెరుగదు. గనుక పని యంతయు పలుచన చేయుటపైననే నడచినది. వెండ్రుక మందములో పదవ వంతునకు లోబడి, అయిదు మైక్రానుల పూత పూయగలిగిరి. ఒక చదరపు మీటరునకు అయిదు మైక్రానుల పూతకు పల్లేడియము 60 గ్రాములు పట్టును; అనగా అయిదు తులములకు కొంచెము పైగా. పూత గాక యాభై మైక్రానుల రేకు వాడినచో పదింతలు, 600 గ్రాములు. ఈ లోహపు వెల బంగారముతో పోటీపడినది. 2019 తరువాత కొన్నేండ్లు బంగారమును మించినది. దొరకు చోట్లును కొన్నియే, ముఖ్యముగా రష్యా, దక్షిణాఫ్రికా దేశములు. కావున మైక్రానుల తగాదా శాస్త్రజ్ఞుల చాదస్తము కాదు, తులముల తగాదా.

పల్లేడియమునకు మరియొక బలహీనత కలదు. ఉదజనిని త్రాగి ఉబ్బును. సుమారు 300 డిగ్రీలకు దిగువ చల్లారునపుడు లోపల ఉదజని మిగిలియున్నచో, లోహము ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారి, ఉబ్బుచు కుంచించుచు పగుళ్లు వారును. కంసాలి మేలిమి బంగారములో రాగి కలిపినట్లు, ఇందు నూటికి 23 పాళ్ల వెండి కలిపినచో ఈ పగులు చాలవరకు తప్పును. ఉదజని దాటు వేగము తగ్గకపోగా పెరుగును. అయినను యంత్రమును ఆపునపుడెల్ల ముందుగా ఉదజనిని తరిమివేసి తరువాత చల్లార్చు జాగ్రత్త తప్పదు.

పగులు ఒక్కటి వచ్చిననేమి యనువారికి ఒక లెక్క చెప్పవలెను. ఉదజనితో విద్యుత్తు పుట్టించి బండిని నడుపు ఇంధన కోశము అను యంత్రమునకు అమ్మోనియా విషతుల్యము. వాహనములకు ఇచ్చు ఉదజనిలో అమ్మోనియా కోటిలో ఒక పాలు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. సూదిమొన యంత చిల్లు గుండ జారిన ఘాటు చాలును, ఆ నియమము భంగమగుటకు. గనుక పొర చివర మరియొక కాపలా, అమ్మోనియాను పీల్చు పదార్థపు పెట్టె, పెట్టుట వాడుక. బంగారము వంటి పొరను నమ్మియు తలుపునకు గొళ్లెము వేయుట వివేకమే.

ఇవన్నియు ప్రయోగశాల గోడలు దాటినవా? దాటినవి, కొంతవరకు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థయగు సీఎస్‌ఐఆర్ఓ వారు 2018 ఆగస్టులో బ్రిస్బేను నగరమున అమ్మోనియానుండి తీసిన ఉదజనితో టొయోటా, హ్యుందాయ్ కార్లను నింపి నడిపి చూపిరి. వారు పల్లేడియము ఖర్చు తగ్గించుటకు వనేడియమను చౌకలోహపు గొట్టమును వాడి, పైపైన మాత్రము పల్లేడియము పూసిరి. స్పెయిను దేశమున హెచ్2సైట్ అను సంస్థ పొరతో కూడిన ఇట్టి పాత్రను 2023లో బెర్తా బి అను ఓడమీద పెట్టి, సముద్రముపైననే అమ్మోనియానుండి ఉదజనిని తీసి విద్యుత్తు పుట్టించినది. నిత్యము టన్నులకొలది విప్పు పెద్ద కర్మాగారములకు ఈ పొరలు సరితూగుట యింకను రుజువు కావలసిన విషయము. నేడు చేతనైనది చిన్న, మధ్యతరగతి పని.

ఇక జమాఖర్చు. విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఒక కిలో ఉదజనిని పుట్టించుటకు 50 యూనిట్లకు పైగా ఖర్చగును. ఆ కిలోలో నిలుచు శక్తి 33 యూనిట్లు. దానిని అమ్మోనియాగా కట్టుటకు మరికొంత. మరల విప్పుటకు కావలసిన వేడి, కాగితము మీది లెక్కకే, ఆ ఉదజనిలోని శక్తిలో ఎనిమిదింట ఒక పాలు. నడుమ జారు వేడి దీనికి అదనము. పొరను దాటిన ఉదజని తక్కువ పీడనముతో వచ్చును. కారు తొట్టిలో 700 వాతావరణముల పీడనమున నింపవలెను గనుక మరల యంత్రముతో నొక్కవలెను. ఇంధన కోశము అందులో ఇంచుమించు సగమును మాత్రమే విద్యుత్తుగా మార్చును. యాభైకి పైగా పెట్టినచో చక్రమును చేరునది పదునైదునకు లోపు. పొర ఎంత గొప్పదైనను ఈ పద్దులో ఒక గీతను తగ్గించును గాని పద్దును మార్చదు. తీగల మీద విద్యుత్తు పోగల చోటికి ఈ దారి అక్కరలేదు. తీగలు పోలేని సముద్రముల ఆవలికి, నెలలకొలది నిలువకు, తీగకు కట్టి నడుపలేని ఓడలకు ఈ దారి తగును.

ఈ దారి ఆంధ్రదేశము మీదుగనే పోవుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరి 4న జాతీయ హరిత ఉదజని పథకమును 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించినది. 2024 ఆగస్టులో ఏఎం గ్రీన్ సంస్థ కాకినాడలో ఏటికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా చేయుటకు తుది పెట్టుబడి నిర్ణయమును ప్రకటించినది. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత ఉదజని కేంద్రమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఇట్టి కర్మాగారములకు కావలసినది ఎండయు గాలియు. ఆ రెండును రాయలసీమలో కరవు లేనివి. కర్నూలు, నంద్యాల ప్రాంతపు పిన్నాపురమువద్ద ఎండనుండియు గాలినుండియు వచ్చు విద్యుత్తును, నీటిని మీదికి తోడి నిలువచేయు పెద్ద ఏర్పాటు కట్టిరి. ఎండ మనది, ఓడ యెక్కు అమ్మోనియా మనది, మూట విప్పు పొర మాత్రము పరదేశముది యగునేని, ఆ పద్దులో పెద్ద అంకె ఏ వైపు పడునో చెప్పనక్కరలేదు.

నీటిని గూర్చి అడుగువారుందురు. వర్షము మొగము చూచి బ్రతుకు సీమవారు అడుగవలసినదే. ఒక కిలో ఉదజనికి 9 లీటర్ల శుద్ధమైన నీరు తప్పనిసరి. పది లక్షల టన్నుల అమ్మోనియాలో 1,77,000 టన్నులకు పైగా ఉదజని కలదు. దానికి సుమారు 16 లక్షల ఘనపు మీటర్ల నీరు. అనగా ఒక టీఎంసీలో పదునెనిమిదవ వంతు. శుద్ధిచేయుటలో పోవు నీటిని, యంత్రములు చల్లబరచు నీటిని కలిపినచో ఇంతకు ఎన్నో రెట్లగును. తెలుగుగంగ ఒప్పందమున చెన్నపట్టణమునకు నిర్ణయించిన 15 టీఎంసీలతో పోల్చినచో అప్పటికిని చిన్న అంకెయే. కాని ఎండిన బోరు ప్రక్కన చిన్న అంకె యనునది లేదు. నీరు ఏ కాలువనుండి, ఏ నెలలో తీయుదురను ప్రశ్న ప్రతి కర్మాగారమును అడిగి తీరవలెను.

నీటికంటె దగ్గరి ప్రశ్న ఒకటి కలదు. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలమున ఒక పాల కర్మాగారములో అమ్మోనియా కారి, పదిమందికి పైగా పనివారు, అందు పెక్కుమంది స్త్రీలు, ఊపిరాడక ఆస్పత్రి పాలైరి. పాలు చల్లబరచు గొట్టములలోని కొద్దిపాటి వాయువు చేసిన పని యది. గాలిలో లక్షకు 30 పాళ్లున్నచో ప్రాణాపాయమని ప్రమాణములు హెచ్చరించుచున్నవి. దీని ఘాటు ఒక విధముగా మేలే. ప్రమాదమునకు చాలముందే ముక్కునకు తెలియును. గాలి వీచు దిక్కునకు అడ్డముగా దూరముగా పోవుట, నీరు దీనిని ఆశతో పీల్చును గనుక తడిగుడ్డను ముక్కునకు అడ్డము పెట్టుకొనుట, కన్నులను చాలసేపు నీటితో కడుగుట ప్రతి ఇంట తెలిసియుండవలసిన సంగతులు. పాల కేంద్రములు, మంచుగడ్డల కర్మాగారములు, శీతల గిడ్డంగులు ఉన్న గ్రామములలో ఈ మూడు ముక్కలును గోడమీద వ్రాసిపెట్టినను తప్పులేదు. వీధి వీధికి ఉదజని బంకు పెట్టి, ప్రతి బంకులోను అమ్మోనియా తొట్టి ఉంచెదమనువారికి పూతలపట్టు సంగతి ముందుగా చెప్పవలెను.

చివరకు ఎరువుల బస్తా. 45 కిలోల యూరియా బస్తా ఒకటి చేయుటకు ఇరువదియైదున్నర కిలోల అమ్మోనియా పట్టును. ఆ అమ్మోనియానే పొరగల పాత్రలో విప్పినచో నాలుగున్నర కిలోల ఉదజని వచ్చును. ఉదజనితో నడచు కారు కిలోకు సుమారు నూరు కిలోమీటర్లు పోవును. అనగా తిరుపతినుండి విజయవాడకు ఒక కారు పోవుటకు పట్టునది ఒక యూరియా బస్తా. 2025 ఖరీఫులో యూరియా కొరకు రైతులు చెప్పులు వరుసలో పెట్టి, తెల్లవారుజామునుండి కాచియుండుట ఎల్లరును చూచినదే. ఒకే అమ్మోనియా వరిమడికిని కావలెను, ఓడకును కావలెను, కారునకును కావలెను. వరిమడికి మూట విప్పనక్కరలేదు. అమ్మోనియాగానే యూరియా యగును. ఓడ యంత్రములలో దానిని మూట విప్పకయే మండించు ప్రయత్నములు జరుగుచున్నవి. శుద్ధమైన ఉదజనియే కావలెనను చోట, తీగ పోలేని చోట, పల్లేడియము పొరకు పని యున్నది. కొలువు వరుసలో మొదట మడి, పిమ్మట ఓడ, ఆ పిమ్మట కారు అని వ్రాయుట ఈ సీమవారికి సహజము. ఆ వరుసను ఎవరు వ్రాయుచున్నారో, ఏ ధరలు చూచి వ్రాయుచున్నారో తెలిసికొనుటకు గ్రంథాలయపు బల్లమీది దినపత్రికలలో వ్యాపారపు పుట యను, సాధారణముగా ఎవరును త్రిప్పని పుట ఒకటి కలదు.